అర్ధరాత్రి ఆపరేటర్‌కు పనికొచ్చే ప్లాన్: తాగునీటి పథకానికి అత్యవసర ప్రణాళిక తయారుచేయడం ఎలా?

రాత్రి 2 గంటలు. నీటిశుద్ధి కేంద్రంలో షిఫ్ట్ ఆపరేటర్ ఒక్కడే ఉన్నాడు. బయటికి వెళ్లే నీళ్లలో క్రిములను చంపే క్లోరిన్ ఎంతుందో పరీక్ష చేస్తే సున్నా వచ్చింది. మళ్లీ చేశాడు, మళ్లీ సున్నా. పై అధికారి ఫోన్ ఎత్తడం లేదు. నీళ్లు మాత్రం జనం ఇళ్లలోకి వెళ్తూనే ఉన్నాయి. వాల్వు కట్టేయాలా? కట్టేస్తే తెల్లవారేసరికి నీళ్లేవని అందరూ అడుగుతారు. కట్టకపోతే ఏ నీళ్లు తాగుతారో తెలియదు.

ఈ ప్రశ్నకు జవాబు ఆ రాత్రి ఆ ఒక్క మనిషి వెతుక్కోవాల్సి వస్తే, తప్పు అతనిది కాదు, ప్లాన్ లేని సంస్థది. నేను చూసిన అత్యవసర ప్రణాళికల్లో చాలావరకు బీరువాలో భద్రంగా ఉండే లావుపాటి ఫైళ్లే. వాటిలో విపత్తులకు నిర్వచనాలు ఉంటాయి, కమిటీల పేర్లు ఉంటాయి. ఆపరేటర్‌కు కావలసిన ఆ ఒక్క వాక్యం ఉండదు. ఇక్కడ చెప్పేదంతా ఆ వాక్యాన్ని ముందే, పగటిపూట, ప్రశాంతంగా కూర్చుని ఎలా రాసుకోవాలన్నదే.

మొదటి అడుగు: పథకమంతా కాలినడకన చూడండి

ఆఫీసులో కూర్చుని మొదలుపెట్టకండి. నీళ్లు ఎక్కడ పుడతాయో అక్కడి నుంచి చివరి కుళాయి దాకా నడవండి. వెంట కొత్త ఇంజినీరు ఒకరు, పాత లైన్‌మన్ ఒకరు ఉండాలి. ఏ వాల్వు ఎక్కడ మట్టి కింద పూడిపోయిందో, ఏ పైపు మ్యాపులో ఒకచోట, నేలలో ఇంకోచోట ఉందో ఆ పాత మనిషికే తెలుసు. ఆయన రిటైరైతే ఆ జ్ఞానం కూడా ఆయనతోపాటే వెళ్లిపోతుంది. అందుకే ఈ నడకను వాయిదా వేయొద్దు.

ప్రతి ముఖ్యమైన వాల్వుకీ ఒక నంబరు ఇవ్వండి. అది ఎటు తిప్పితే మూసుకుంటుంది, ఎన్ని చుట్లు తిప్పాలి, మూస్తే ఏ వీధులకు నీళ్లు ఆగుతాయి, ఈ మూడూ రాయండి. ఆ రోజే తిప్పి చూడండి. ఏళ్ల తరబడి కదలని వాల్వు అవసరమైన రోజున కదలదు, లేదంటే స్పిండిల్ (వాల్వును తిప్పే కడ్డీ) విరిగి చేతికొస్తుంది.

నడుస్తూనే రెండు లెక్కలు వేసుకోవాలి. మొదటిది, మన చేతిలో ఎన్ని గంటలున్నాయి? ట్యాంకుల్లో మొత్తం 10 లక్షల లీటర్లు పట్టి, రద్దీ వేళ గంటకు 2 లక్షల లీటర్లు ఖర్చయితే, పంపులు ఆగాక మిగిలేది 5 గంటలు. ట్యాంకు సగమే ఉంటే రెండున్నర గంటలు. రెండోది, ఏ ఒక్కటి చెడిపోతే మొత్తం ఆగిపోతుంది? ఒకే ఇంటేక్ (నదినుంచో, చెరువునుంచో నీళ్లు తీసుకునే చోటు), ఒకే కరెంటు లైను, ఒకే మెయిన్ పైపు, లేదా క్లోరిన్ కలిపే యంత్రమైన క్లోరినేటర్‌ను బాగుచేయడం తెలిసిన ఒకే ఒక్క మనిషి. ఇలాంటివన్నీ ఎర్ర సిరాతో గుర్తుపెట్టుకోండి.

మురుగు లైనుకో, శుద్ధి చేయని నీటి లైనుకో తాగునీటి పైపుతో ఎక్కడైనా లింకు ఉందేమో కూడా చూడండి. 2007 నవంబరులో ఫిన్లాండ్‌లోని నోకియా పట్టణంలో మురుగుశుద్ధి కేంద్రపు నీళ్లు అలాంటి ఒక లింకు ద్వారా తాగునీటి పైపుల్లో కలిశాయి. మధ్యలో ఉన్నది ఒక వాల్వే, అది తెరిచి ఉండిపోయింది. వేలమంది జబ్బుపడ్డారు. వాల్వు మూసి ఉంది కదా అని అలాంటి లింకును వదిలేయొద్దు, కోసి తీసేయండి.

రెండో అడుగు: ఏం జరగొచ్చో రాసి, వరుస పెట్టండి

అమెరికా 2018లో చేసిన నీటి మౌలిక వసతుల చట్టం ప్రకారం 3,300 మందికి మించి నీళ్లిచ్చే ప్రతి పథకమూ ముందు ముప్పులను అంచనా వేయాలి. ఆ తర్వాత 6 నెలల్లోగా అత్యవసర ప్రణాళిక తయారుచేయాలి. 5 ఏళ్లకోసారి రెండింటినీ తిరిగి చూసుకోవాలి. ఆ చట్టం మనకు వర్తించినా వర్తించకపోయినా ఆ వరుస సరైనది. ముప్పు తెలియకుండా రాసిన ప్లాన్ ఎక్కడికైనా అతుకుతుంది, అందుకే ఎక్కడా పనికిరాదు.

భూకంపం, ఉగ్రదాడి లాంటి పెద్ద మాటలతో మొదలుపెట్టాలని అనిపిస్తుంది. వాటికీ చోటివ్వండి. కానీ చరిత్రలో జనాన్ని ఎక్కువగా దెబ్బతీసినవి చాలా మామూలు విషయాలు: పెద్ద వాన, పనిచేయని క్లోరినేటర్, తప్పు ట్యాంకు, ఎవరికీ చెప్పని ఒక రిపోర్టు. 2000 మే నెలలో కెనడాలోని వాకర్టన్‌లో జరిగింది ఇదే. భారీ వానకు పశువుల పేడలోని ఈ.కోలి అనే బ్యాక్టీరియా ఒక బోరులోకి చేరింది. క్లోరిన్‌ను సరిగా కొలవలేదు, రిజిస్టర్‌లో ఉత్తుత్తి అంకెలు రాశారు. నీళ్లు కలుషితమయ్యాయని ల్యాబ్ రిపోర్టు వచ్చినా, ఆరోగ్యశాఖ అడిగితే నీళ్లు బాగానే ఉన్నాయన్నారు. ఏడుగురు చనిపోయారు, 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు.

1988 జులైలో ఇంగ్లండ్‌లోని కామెల్‌ఫర్డ్‌లో, అక్కడికి ఎప్పుడూ రాని ఒక డ్రైవరు 20 టన్నుల అల్యూమినియం సల్ఫేట్, అంటే మన పటిక ద్రావణం, తప్పు ట్యాంకులో పోశాడు. ఆ వేళకు కేంద్రంలో ఎవరూ లేరు. అతని దగ్గరున్న తాళంచెవి ఆ ట్యాంకుకూ సరిపోయింది. సుమారు 20,000 మందికి వెళ్లే నీళ్లవి. అసలు కారణం జనానికి తెలియడానికి రెండు వారాలు దాటింది. ఈ ఘటన చదివాక చేయాల్సిన పని చిన్నదే. ప్రతి రసాయన ట్యాంకుకూ వేరే తాళం, మూత మీద పెద్ద అక్షరాలతో పేరు, మన మనిషి దగ్గర లేకుండా అన్‌లోడింగ్ చేయకూడదన్న నియమం.

మీ జాబితాలో ప్రతి ముప్పు పక్కనా రెండు మాటలు రాయండి: జరిగే అవకాశం ఎంత, జరిగితే ఎంతమందికి దెబ్బ. రెండూ ఎక్కువగా ఉన్నవాటిలో మొదటి అయిదారింటికే ముందు ప్లాన్ రాయండి. సిబ్బందిలో సగం మంది ఒకేసారి జబ్బుపడటం కూడా ఈ జాబితాలో ఉండాలి.

మూడో అడుగు: ఏ అంకెకు ఎవరు ఏం చేయాలో ముందే తేల్చండి

ఈ మొత్తం పనికి గుండెకాయ ఇదే. మిగతావి కొంచెం తగ్గినా ఫర్వాలేదు, ఇది తగ్గకూడదు.

ల్యాబ్ రిపోర్టు వచ్చాక చూద్దాం అనే మాటను ప్లాన్‌లోకి రానివ్వకండి. ఈ.కోలి పరీక్ష ఫలితానికి 18 నుంచి 24 గంటలు పడుతుంది. అప్పటికి జనం ఆ నీళ్లు తాగేసి ఉంటారు. అందుకే వెంటనే కనిపించే మూడు గుర్తుల మీద ఆధారపడాలి: క్లోరిన్, నీటి మురికితనం, పైపులో ఒత్తిడి.

క్లోరిన్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇది. పీహెచ్ 8 కంటే తక్కువున్న నీళ్లలో క్లోరిన్ కలిపి కనీసం 30 నిమిషాలు ఆగాక లీటరుకు 0.5 మిల్లీగ్రాములైనా మిగలాలి. ఇళ్ల దగ్గర 0.2కు తగ్గకూడదు. మురికితనం 5 ఎన్‌టీయూ (మురికితనాన్ని కొలిచే యూనిట్) దాటితే క్లోరిన్ పని దెబ్బతింటుంది. సరిగ్గా నడిచే ఫిల్టర్ల నుంచి వచ్చే నీళ్లు 1 కంటే తక్కువే చూపించాలి. 1993లో అమెరికాలోని మిల్వాకీలో దాదాపు 4 లక్షల మంది క్రిప్టోస్పోరిడియం వల్ల జబ్బుపడ్డారు. ఆ క్రిమి క్లోరిన్‌కు లొంగదు. దాన్ని ఆపాల్సింది ఫిల్టర్లే. శుద్ధి చేసిన నీళ్లలో మురికితనం పెరగడమే అక్కడ కనిపించిన ముందస్తు సంకేతం. ఇక ఒత్తిడి. పైపులో అది సుమారు 14 మీటర్ల నీటి ఎత్తు కంటే తగ్గితే, అంటే 20 పీఎస్‌ఐ లోపుకు వస్తే, ప్రమాదం మొదలైనట్టే. ఇంకా పడిపోతే చుట్టూ నేలలో ఉన్న మురుగు లీకుల గుండా పైపు లోపలికి వస్తుంది.

ఇప్పుడు ఈ అంకెలను ఆజ్ఞలుగా మార్చండి. ఇందులో షీట్ అంటే ఒక్కో ఘటనకు విడిగా రాసుకునే ఒక పేజీ సూచనలు, వాటి సంగతి ఆరో అడుగులో వస్తుంది. ఇలా రాయండి: “బయటికి వెళ్లే నీళ్లలో క్లోరిన్ 0.2 కంటే తక్కువ వస్తే, 10 నిమిషాల్లో మళ్లీ పరీక్ష చేయాలి. రెండోసారీ అంతే వస్తే స్టాండ్‌బై డోసింగ్ (క్లోరిన్ కలిపే అదనపు ఏర్పాటు) ఆన్ చేసి ఇన్‌చార్జికి ఫోన్ చేయాలి. 15 నిమిషాల్లో ఆయన దొరక్కపోతే రెండో వ్యక్తికి చేయాలి. 30 నిమిషాల్లో ఎవరూ దొరక్కపోతే షీట్ 3లో ఉన్నట్టు ఆపరేటరే చర్య తీసుకోవాలి. ఇందుకు అతని మీద ఎలాంటి చర్యా ఉండదు.” కింద సంస్థ పెద్ద సంతకం చేయాలి. ఆ చివరి వాక్యం, ఆ సంతకం లేకపోతే ఏ ఆపరేటరూ వాల్వు మీద చెయ్యి వేయడు. ఉద్యోగం పోతుందన్న టెన్షన్‌తో అరగంట పోతే, ఆ అరగంటలో ఎంత నీరు వెళ్తుందో లెక్కేయండి.

ఇక్కడే ఒక సూక్ష్మం ఉంది. నీళ్లు పూర్తిగా ఆపేయడం క్షేమమైన దారిలా కనిపిస్తుంది, కానీ అన్నిసార్లూ కాదు. పైపులు ఖాళీ అయితే ఒత్తిడి పోయి మురుగు లోపలికి వస్తుంది, అగ్నిమాపక సిబ్బందికి నీళ్లుండవు. చాలాసార్లు కలుషితమైన బోరునో, ట్యాంకునో మాత్రం విడగొట్టి, మిగతా నీళ్లతో ఒత్తిడి నిలుపుతూ, జనానికి హెచ్చరిక ఇవ్వడమే మంచిది. ఏ ముప్పుకు ఆపాలి, దేనికి ఆపకుండా హెచ్చరించాలి అన్నది షీట్లలో స్పష్టంగా ఉండాలి.

నాలుగో అడుగు: ఫోన్ల పట్టిక

ఇది ఒక పేజీ దాటకూడదు. ఇన్‌చార్జి, ఆయనకు బదులు ఇంకొకరు, ఆరోగ్యశాఖ, ఆసుపత్రి, అగ్నిమాపక కేంద్రం, పోలీసు, కరెంటు, ల్యాబ్, రసాయనాల సరఫరాదారు, ట్యాంకర్లు, పొరుగు నీటి పథకం. ప్రతి చోటా ఇద్దరి నంబర్లు ఉండాలి. మూడు నెలలకోసారి ప్రతి నంబరుకూ నిజంగా ఫోన్ చేసి చూసి, ఆ తేదీ పట్టిక మీద రాయండి. డయాలసిస్ కేంద్రాలు, ఆసుపత్రులు, పసిపిల్లల సంరక్షణ కేంద్రాలు, బడులు విడిగా పైన ఉండాలి. వాళ్లకు అందరితోపాటు తెలిస్తే సరిపోదు, ముందే తెలియాలి.

అయిదో అడుగు: హెచ్చరికలను ముందే రాసి పెట్టుకోండి

హెచ్చరికలు మూడు రకాలు. వీటిని కలగలిపితే ప్రాణాల మీదికి వస్తుంది.

ఒకటి, కాచి తాగండి. బ్యాక్టీరియా, వైరస్‌లు, క్రిప్టోస్పోరిడియం లాంటి క్రిముల అనుమానం ఉన్నప్పుడు, ఒత్తిడి పడిపోయినప్పుడు ఇది. నీళ్లు కళపెళా మరిగాక ఒక నిమిషం ఉంచితే చాలు. సముద్రమట్టానికి 2,000 మీటర్ల పైన ఉన్న చోట్ల మూడు నిమిషాలు.

రెండు, తాగొద్దు. నైట్రేట్లు, లోహాలు, నాచు విషాల లాంటివి ఉన్నప్పుడు ఇది. వీటిని కాచడం వల్ల ఉపయోగం లేకపోగా, నీళ్లు ఆవిరై విషం చిక్కబడుతుంది. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడోలో ఈరీ సరస్సు నాచు నుంచి మైక్రోసిస్టిన్ అనే విషం నీళ్లలోకి వచ్చినప్పుడు, తాగొద్దు అనడంతోపాటు కాచొద్దు అని కూడా చెప్పాల్సి వచ్చింది. నీళ్లు బాగోలేవంటే చాలు, ఎవరైనా ముందు పొయ్యి వెలిగిస్తారు. అందుకే ఈ రకం హెచ్చరికలో “కాచినా తాగకూడదు” అన్న మాట మొదటి వాక్యంలోనే ఉండాలి.

మూడు, అసలు వాడొద్దు. తాకినా, పీల్చినా హాని చేసే రసాయనమో, ఏమిటో తెలియని పదార్థమో కలిసినప్పుడు ఇది. 2014 జనవరిలో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో ఎల్క్ నదిలోకి ఒక పారిశ్రామిక రసాయనం లీకై, దాదాపు 3 లక్షల మందికి ఇలా చెప్పాల్సి వచ్చింది. మరుగుదొడ్డిలో పోయడానికీ, మంటలు ఆర్పడానికీ తప్ప ఇంకెందుకూ వాడొద్దన్నారు.

మూడింటికీ మూడు ముసాయిదాలు రాసి, తేదీ, ప్రాంతం దగ్గర ఖాళీలు వదలండి. ఉదాహరణకు మొదటిది ఇలా ఉండొచ్చు: “____ ప్రాంతాలలో కుళాయి నీళ్లను కాచి చల్లార్చి మాత్రమే తాగండి. నీళ్లు మరగడం మొదలైన తర్వాత ఒక నిమిషం ఉంచండి. తాగడానికి, వంటకు, పళ్లు తోముకోవడానికి, పసిపిల్లల పాలు కలపడానికి, ఐసు చేయడానికి కాచి చల్లార్చిన నీళ్లే వాడండి. స్నానం చేయవచ్చు, కానీ నీళ్లు మింగకండి. కారణం: ____. మళ్లీ సమాచారం ____ గంటలకు ఇస్తాం.” ఆ చివరి వాక్యాన్ని మరిచిపోవద్దు. చెప్పిన గంటకు కొత్త విషయం లేకపోయినా, లేదనే చెప్పండి. ఖాళీగా వదిలిన చోటును పుకార్లు నింపేస్తాయి.

ఎలా చేరవేస్తారో కూడా రాయండి. ఎస్‌ఎంఎస్, రేడియో, మైకు బండి, ఇంటింటికీ కాగితం. కరెంటు పోయిన రోజున, చదవలేనివాళ్లకు, చెవులు వినిపించనివాళ్లకు ఏ దారి మిగులుతుందో చూసుకోండి.

ఆరో అడుగు: ఒక్కో ఘటనకు ఒక్కో షీట్

ప్రతి షీటూ ఒకే పేజీ. పెద్ద అక్షరాలు, వరుస నంబర్లు, ప్లాస్టిక్ కవరు. కరెంటు పోవడం, మెయిన్ పైపు పగలడం, కలుషితం అనుమానం, క్లోరిన్ గ్యాస్ లీకు, కంప్యూటర్ నియంత్రణ దెబ్బతినడం. కనీసం ఈ అయిదూ ఉండాలి.

కరెంటు షీట్‌లో జనరేటర్ ఎన్ని గంటలు నడుస్తుందో రాయండి. గంటకు 20 లీటర్లు తాగే జనరేటర్‌కు 200 లీటర్ల ట్యాంకుంటే 10 గంటలే. ఆ తర్వాత డీజిల్ ఎక్కడి నుంచి వస్తుంది? బంకు పంపు కూడా కరెంటుతోనే నడుస్తుందని గుర్తుంచుకోండి.

కలుషితం అనుమానం షీట్‌లో మొదటి పని, నీళ్లు మారిపోకముందే శాంపిల్ పట్టడం. శుభ్రమైన సీసాలో నీళ్లు పట్టి, సమయం, చోటు రాసి చల్లగా దాచండి. బ్యాక్టీరియా పరీక్షకు వాడే సీసాలో క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్ ఉండాలి. లేకపోతే సీసాలోని క్లోరిన్ క్రిములను చంపేసి తప్పుడు ఫలితం చూపిస్తుంది. ఏ పైపులు కడిగినా, ఏ మందు కలిపినా ఆ తర్వాతే.

క్లోరిన్ గ్యాస్ షీట్ విషయంలో మొహమాటం లేకుండా కఠినంగా రాయండి. ఆ గ్యాస్ గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు. పల్లపు చోట్లకు చేరుతుంది. గాలికి ఎదురుగా, ఎత్తు వైపుకు పరుగెత్తాలి. లీకయ్యే చోట నీళ్లు కొట్టకూడదు. తడి తగిలితే లోహం తినేసి కన్నం పెద్దదవుతుంది. సిలిండర్‌ను వీలైతే గ్యాస్ మాత్రమే బయటికి వచ్చేలా తిప్పాలి. ద్రవం రూపంలో కారితే అది దాదాపు 450 రెట్ల గ్యాస్‌గా మారుతుంది. లోపలికి వెళ్లేది ఇద్దరు, వీపున గాలి సిలిండరు ఉండే శ్వాస పరికరం వేసుకుని. బయట మరొకరు కాపలా. పరికరం లేకపోతే ఎవరూ లోపలికి వెళ్లరు, అగ్నిమాపక సిబ్బంది వచ్చేదాకా ఆగుతారు. ధైర్యం చూపించి చనిపోవడానికి ఈ షీట్‌లో చోటు ఉండకూడదు.

కంప్యూటర్ షీట్‌కు 2021 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని ఓల్డ్స్‌మార్‌లో జరిగింది మంచి పాఠం. తెర మీద సోడియం హైడ్రాక్సైడ్ (కాస్టిక్ సోడా) మోతాదు 100 నుంచి 11,100 పీపీఎమ్‌కు మారిపోయింది. ఆపరేటర్ చూసి వెంటనే సరిచేశాడు. అది బయటివాళ్ల పనా, లోపలి పొరపాటా అన్న వాదన తర్వాత వచ్చింది. ఏదైనా సరే, మందు ఒక్కటే. డోసింగ్ పంపు ఆ మోతాదు ఇవ్వలేనంత చిన్నదిగా ఉండాలి, అలారం మోగాలి, తెర ఆపేసి చేత్తో నడపడం ప్రతి షిఫ్టుకూ తెలిసి ఉండాలి.

ఏడో అడుగు: ప్రత్యామ్నాయ నీళ్ల లెక్క

“ట్యాంకర్లు ఏర్పాటు చేయబడును” అని రాసి వదిలేయకండి. లెక్క కట్టండి. విపత్తు సహాయంలో అంతర్జాతీయంగా పాటించే స్ఫియర్ ప్రమాణం ప్రకారం మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు, 250 మందికి ఒక కుళాయి, ఇంటికి 500 మీటర్ల లోపు నీళ్లు. 20,000 మంది ఉంటే రోజుకు 3 లక్షల లీటర్లు, 80 కుళాయిలు. ట్యాంకరు 10,000 లీటర్లు పడితే 30 ట్రిప్పులు. నింపి, వెళ్లి, పంచి రావడానికి 3 గంటలు పడితే, 12 గంటల్లో ఒక ట్యాంకరు 4 ట్రిప్పులే వేయగలదు. అంటే 8 ట్యాంకర్లు కావాలి. మీ దగ్గర మూడే ఉంటే ఈ రోజే తెలియడం మంచిది.

ట్యాంకరులో మొదట ఏం మోశారో అడగండి, కడిగించండి, క్లోరిన్ కలపండి. బ్లీచింగ్ పౌడర్ లెక్క గోడ మీద రాసి ఉంచండి: లక్ష లీటర్లకు లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున 200 గ్రాముల క్లోరిన్ కావాలి. పౌడర్‌లో 33 శాతం ఉంటే సుమారు 600 గ్రాములు. పాతబడి 20 శాతానికి పడిపోతే కిలో. సంచీ ఎప్పుడు విప్పారో రాసుకోకపోతే ఈ లెక్క తప్పుతుంది.

ఎనిమిదో అడుగు: మామూలు స్థితికి రావడం

హెచ్చరిక ఇవ్వడం కంటే ఎత్తేయడానికే ఎక్కువ ఒత్తిడి వస్తుంది. అందుకే ఎత్తేసే షరతులు కూడా ముందే రాయాలి. కారణం తెలిసి, సరిచేసి, పైపులు పూర్తిగా కడిగాక, చివరి కుళాయిల్లోనూ క్లోరిన్ నిలబడాలి. ఆ తర్వాత 24 గంటల తేడాతో తీసిన రెండు విడతల శాంపిళ్లూ శుభ్రంగా రావాలి. ఒకటి బాగా వచ్చింది కదా అని తొందరపడకండి.

పగిలిన మెయిన్ పైపును పూర్తిగా తెరిచి బాగుచేస్తే, లోపల లీటరుకు 25 మిల్లీగ్రాముల క్లోరిన్ నీళ్లు 24 గంటలు నిలపడం వాడుకలో ఉన్న పద్ధతి. చివరికి కనీసం 10 మిగలాలి. ఆ నీళ్లను చెరువులోకి, వాగులోకి వదలకండి, చేపలు చస్తాయి. ముందు క్లోరిన్ విరిచేయాలి.

జనానికి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ఇంటి ట్యాంకులో, సంపులో పాత నీళ్లే ఉంటాయి. వాటిని ఖాళీ చేసి కడగాలి, కుళాయిలు కొన్ని నిమిషాలు వదలాలి, ఫిల్టర్ క్యాండిళ్లు మార్చాలి, ఐసు పారేయాలి. ఇది చెప్పకపోతే మెయిన్ పైపు శుభ్రమైన వారం తర్వాత కూడా జబ్బులు వస్తాయి.

తొమ్మిదో అడుగు: రాత్రిపూట పరీక్షించండి

ఏడాదికి ఒకసారైనా నిజంగా ఆడి చూడండి. చెప్పకుండా, రాత్రి షిఫ్టులో. ఒక కవరు ఇచ్చి “క్లోరిన్ సున్నా, ఇన్‌చార్జి ఫోన్ ఎత్తడం లేదు” అనండి. నీళ్లు ఆపకండి, కానీ అతను షీట్ ఎక్కడుందో ఎన్ని నిమిషాల్లో కనిపెట్టాడో, వాల్వు తాళంచెవి దొరికిందో లేదో, టార్చిలైటులో బ్యాటరీ ఉందో లేదో చూడండి. పొద్దున్నే అందరూ కూర్చుని, ఎవరినీ తప్పు పట్టకుండా, ఎక్కడ ఆగిపోయాడో అక్కడ షీట్ మార్చండి. పాత కాపీలన్నీ చించేసి, కొత్తదాని మీద తేదీ వేసి, క్లోరిన్ గదికి బయట ఒకటి, పంప్‌హౌస్‌లో ఒకటి, ఆపరేటర్ బల్ల మీద ఒకటి పెట్టండి. గ్యాస్ లీకైతే లోపల పెట్టిన కాపీని ఎవరూ చదవలేరు.